కష్టాల్లో దేవుణ్ణి స్తుతించడం ఎలా? నోరు పెగలని రోజుల కోసం ఒక పద్ధతి

2023 డిసెంబర్ 4, సోమవారం, మిచాంగ్ తుఫాను వాన. చెన్నై వేళచ్చేరిలో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. తెల్లారేసరికి నీళ్లు గడప దాటి హాల్లోకి వచ్చేసాయి, పదింటికల్లా మంచం కోళ్లు సగం మునిగాయి. సర్టిఫికెట్ల ఫైలు, గ్యాస్ పుస్తకం, మా అత్తమ్మ పెద్దక్షరాల బైబిలు, ఇవి పట్టుకుని మెట్లెక్కి పైవాళ్ల పోర్షన్లో కూర్చున్నాం. అప్పటికే మా ఆయనకి ఓఎంఆర్‌లో (ఐటీ కంపెనీలుండే రోడ్డు) జాబ్ పోయి రెండు నెలలు, ఈఎంఐ మాత్రం తుఫాను వచ్చినా ఐదో తారీఖున కరెక్ట్‌గా వస్తది కదా. మూడో రోజు కూడా కరెంటు లేదు, ఎవరిదో పవర్ బ్యాంక్ అడిగి ఫోన్ ఆన్ చేస్తే ముందు కనపడిన మెసేజ్ ఊళ్లో తెలిసిన ఒకక్క పెట్టింది: "దేవుణ్ణి స్తుతించండి చెల్లీ, అన్నీ సర్దుకుంటాయి." నిజం చెప్తున్నా, ఆ ఫోన్ తీసి కింద నీళ్లలోకి విసిరేద్దామనిపించింది.

అక్క చెప్పింది తప్పని కాదు. కానీ ఎలా చెయ్యాలో చెప్పలేదు, మనకి ఎవరూ చెప్పరు కూడా, ఆదివారం ఆరాధనలో చేతులెత్తమంటారు, ఎత్తుతాం, దించి ఇంటికొస్తే అదే ఇల్లు. తర్వాత ఫిబ్రవరిలో అత్తమ్మకి స్ట్రోక్ వచ్చింది, కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. అక్కడి నుంచి కింద మీద పడి నేర్చుకున్నది రాస్తున్నా. నేను పాస్టరమ్మని కాదు, బైబిల్ కాలేజీకి పోలేదు, ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసుకునే దాన్ని, కాబట్టి ఇది లెక్కల మనిషి పద్ధతి అనుకోండి.

ముందు, ఏది స్తుతి కాదో తేల్చుకోండి

నొప్పిగా ఉంటే లేదనడం స్తుతి కాదు. మన సంఘాల్లో ఇదొక జబ్బు, "ఎలా ఉన్నారమ్మా" అంటే "ప్రభువు కృపలో బానే ఉన్నామండి" అని నవ్వాలి, లేకపోతే విశ్వాసం తక్కువ అనుకుంటారని భయం.

చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏం చేసాడో చూడండి. యోహాను 11:35 లో "యేసు కన్నీళ్లు విడిచెను." 41వ వచనంలో కళ్లు పైకెత్తి తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెప్పాడు. ఇంకాసేపట్లో లాజరు లేస్తాడని తెలిసిన మనిషి కూడా ముందు ఏడ్చాడు, తర్వాత స్తుతించాడు. ఆ రెండింటికీ మధ్య ఆరు వచనాలే. మనకి ఆరు నెలలు పట్టొచ్చు, పర్లేదు.

ఇంకోటి, 1 థెస్సలొనీక 5:18 లో "ప్రతి విషయమునందును" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. నందును, అంటే దాని లోపల ఉండి. స్ట్రోక్ వచ్చినందుకు థ్యాంక్స్ చెప్పమని నేను దాన్ని చదవను. ఎఫెసీ 5:20 లో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా అని మా ఇంటి కూడికలో ఒకన్న అడిగాడు, ఉంది, ఒప్పుకుంటా, కానీ చెడుని మంచి అని పిలవమని అందులో కూడా లేదు. యేసు లాజరు చావుని "భలే మంచిది" అనలేదు, తండ్రి వింటున్నాడు అన్నాడు. స్తుతి అంటే నాకు అర్థమైంది ఇంతే, జరిగింది ఎలాంటిదైనా వినేవాడు ఎలాంటివాడో ఆయన ముందే పైకి చెప్పడం.

తిని పడుకోండి

చిన్న స్టెప్పే కానీ దాటెయ్యకండి. 1 రాజులు 19 లో ఏలీయా చెట్టు కింద పడుకుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అంటే దేవుడు ఆయనకి ప్రసంగం చెప్పలేదు, దూత వచ్చి లేపి తినమన్నాడు, రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మాటలు ఆ తర్వాత. మూడు రాత్రులు హాస్పిటల్ కుర్చీలో కూర్చుని స్తుతి రావట్లేదని ఏడ్చే అక్కలకి నేను చెప్పేది, ముందు రెండు ఇడ్లీలు తినండి, ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి నాలుగు గంటలు నిద్రపోండి, అప్పటికీ రాకపోతే మాట్లాడదాం.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినా అది విశ్వాసం తక్కువై కాదు, డాక్టర్ దగ్గరికెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, ఏ టైంలోనైనా చెయ్యొచ్చు. ఇంట్లో కొడుతున్నాడంటే "స్తుతిస్తూ ఓర్చుకో" అనే వాళ్ల మాట వినొద్దు, అక్కడ ముందు చెయ్యాల్సింది మహిళా హెల్ప్‌లైన్ 181 కి ఫోన్.

ఫిర్యాదు రాయండి, దేవుడి పేరునే

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, నాకు ఎక్కువ ఉపయోగపడింది కూడా ఇదే. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొర పెట్టుకునేవే. ఆదివారం మనం పాడేవాటిలో ఆ లెక్క ఉండదు, అది వేరే గొడవ.

13వ కీర్తన తెరవండి, ఆరు వచనాలే. మొదటి రెండింట్లో దావీదు దేవుణ్ణి నిలదీస్తాడు, "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని, ఎంతవరకు, ఎంతవరకు అని మళ్లీ మళ్లీ. మూడు, నాలుగులో కావాల్సింది అడుగుతాడు. ఐదు, ఆరులో నీ కృపని నమ్ముకున్నాను, కీర్తిస్తాను అంటాడు. ఫిర్యాదు, అర్జీ, నమ్మకం. ఆఫీసులో లెటర్ రాసినట్టే ఉంటుంది, నాకు అందుకే నచ్చింది.

ఒక పది రూపాయల నోట్‌బుక్ తీసుకోండి. పేజీని మూడు భాగాలు చెయ్యండి. పైన ఫిర్యాదు, బైబిలు భాషలో వద్దు, మీ ఇంటి భాషలో. నేను 2024 మార్చిలో రాసింది ఇక్కడ ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా:

"ప్రభువా, రోజుకి ఫిజియోకి ఆరొందలు. ఈయన ఇంటర్వ్యూలకి వెళ్లి వచ్చి చెప్పులు విప్పకుండా కూర్చుంటున్నాడు. అత్తమ్మకి డైపర్ మారుస్తుంటే ఆమె మొహం అటు తిప్పుకుంది. నువ్వు చూస్తున్నావా."

"చూస్తున్నావా" తర్వాత ప్రశ్న గుర్తు కూడా పెట్టలేదు, అంత కోపం. మధ్య భాగంలో అర్జీ, ఒకటో రెండో, స్పష్టంగా. "దీవించు తండ్రీ" అని కాదు, "మే నెలలోపు జాబ్", "ఆమె ఒక్క మాట మాట్లాడాలి". కింది భాగం ఖాళీగా వదిలెయ్యండి, ఏమీ రాకపోతే. నాది పదకొండు రోజులు ఖాళీగానే ఉంది.

ఆ ఖాళీ చూసి భయపడితే 88వ కీర్తన చదవండి. దానికి సంతోషమైన ముగింపు లేదు, ఆఖరి మాట చీకటి. దాన్ని కూడా దేవుడు కీర్తనల పుస్తకంలోనే ఉంచాడు. అంటే చీకటితో ముగిసే ప్రార్థన కూడా ఆయన దగ్గర చెల్లుతుంది. ఆయన్ని వదిలేసి పక్కింటి వాళ్లతో చెప్పుకోవడం వేరు, ఆయన మీద కోపాన్ని ఆయనకే చెప్పడం వేరు, రెండోది స్తుతికి మొదటి మెట్టు అని నా నమ్మకం, ఎందుకంటే వినడు అనుకున్న వాడితో ఎవరూ గొడవ పెట్టుకోరు.

ఒక్కటి చెప్పండి, పైకి

పన్నెండో రోజు కింది భాగంలో ఒక్క లైన్ రాసా. "నువ్వు నమ్మదగినవాడివి." అది నా మాట కాదు, విలాపవాక్యములు 3:23 లోది, యెరూషలేము బూడిదైపోయిన తర్వాత రాసిన పుస్తకం. నా దగ్గర మాట లేనప్పుడు వాళ్లది అప్పు తెచ్చుకున్నా.

ఇక్కడ నేను పాటించిన వరస ఏంటంటే, ముందు దేవుడు ఎవరో (మారనివి), తర్వాత ఆయన ఇదివరకు చేసినవి, ఆఖర్న ఈ రోజుది. చాలామంది తిప్పి మొదలుపెడతారు, ఈ రోజు ఏం మంచి జరిగిందా అని వెతుకుతారు, ఏమీ కనపడదు, దిగులు రెట్టింపు అవుతుంది. మారని దాంతో మొదలుపెడితే ఈ రోజు ఖాళీగా ఉన్నా స్తుతి ఆగదు.

ఈ రోజుది అనేది మరీ చిన్నది అయినా సరే. వరదలో రెండో రోజు పాలు లేవు, ఎక్కడైనా ఉన్నా రెండింతలు చెప్తున్నారు, అప్పుడు రెండో ఫ్లోర్ తమిళక్క ఆవిన్ ప్యాకెట్ చించి సగం మా గిన్నెలో పోసింది, సగం. ఆమెకి ఇద్దరు చిన్నపిల్లలు. ఆ నీలం ప్యాకెట్ చివర ఆమె చిటికెన వేలితో నొక్కి ఆఖరి చుక్క దాకా పిండటం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. అప్పుడు దాన్ని స్తుతి అనుకోలేదు, నాలుగు నెలల తర్వాత నోట్‌బుక్‌లో రాసుకున్నా. అలా వెనక్కి వెళ్లి రాసుకోవచ్చు, ఏం తప్పులేదు.

పైకి చెప్పడం మాత్రం ముఖ్యం. హెబ్రీ 13:15 స్తుతియాగము అంటుంది, జిహ్వాఫలము అంటుంది, అంటే నాలుకతో పని. తమిళంలో దీన్నే స్తోత్ర బలి అంటారు, ఆ అక్క రోజూ తెల్లవారుజామున చిన్న పుస్తకం పెట్టుకుని వెయ్యి స్తోత్రాలు చదువుతుంది, నన్నూ కూర్చోబెట్టింది ఒకసారి, నాకు నూటయాభై దగ్గర కునుకొచ్చింది. వెయ్యి మీ వల్ల అయితే చెయ్యండి. నాకు మూడు చాలు, గిన్నెలు తోముకుంటూ, కుళాయి సౌండ్‌లో ఎవరికీ వినపడకుండా. యాగం అంటే మన దగ్గర్నుంచి ఏదో ఒకటి పోవాలి కదా, ఆ రోజుల్లో ఆ మూడు మాటలకి నాకు అయిన ఖర్చు మామూలు రోజుల్లో గంట ఆరాధనకి కూడా అవ్వదు.

(డిసెంబర్ 31 రాత్రి చర్చిలో తీసుకునే వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికి ఒక వాక్యం రాసి ఉండే కార్డు, దాని గురించి ఒక మాట. ఆ సంవత్సరం నాకు వచ్చింది అభివృద్ధి గురించిన వాక్యం. ఫ్రిజ్ మీద అంటించా, ఫిబ్రవరిలో పీకేసా. కార్డు మీద కోపం వస్తే పీకెయ్యండి, ఆ అధ్యాయం మొత్తం చదవండి, చాలాసార్లు ఆ వాక్యం అటూ ఇటూ ఉన్నవాళ్లు మనకంటే పెద్ద శ్రమలో ఉంటారు.)

పాత లెక్కలు తియ్యండి

మీకంటే ముందు వాళ్ల సంగతులు తెలుసుకోవడం కూడా స్తుతిలో భాగమే, 77వ కీర్తన అదే చేస్తుంది, రాత్రంతా నిద్రపట్టక కుమిలిపోయి, చివరికి పూర్వం ఆయన చేసినవి జ్ఞాపకం తెచ్చుకుంటాను అని అటు తిరుగుతుంది.

అత్తమ్మని హాస్పిటల్లో ఉంచిన రోజుల్లో నేను రోజూ వేళచ్చేరిలో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలెక్కి మందవెళి దాకా వెళ్లేదాన్ని. ఆ లైన్ చాలా దూరం బకింగ్‌హామ్ కాలువ వెంబడే పోతుంది, స్తంభాలు కూడా కాలువలోనే. నల్లటి నీళ్లు, కంపు, కిటికీ పక్క సీటు దొరికినా ఎవరూ సంతోషించరు. ఒకరోజు ఆ నీళ్లు చూస్తుంటే మా నాయనమ్మ చెప్పింది గుర్తొచ్చింది, ఇదే కాలువ పైన మన ఒంగోలు వైపు కరువులో తవ్వారు అని.

కథ తెలియని వాళ్లకి: 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేసారు, అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు. నెల్లూరు మిషన్‌లో అప్పటిదాకా చెప్పుకోదగ్గ ఫలితం లేదు, అమెరికాలో వాళ్లు దాన్ని మూసేద్దామా అని చర్చలు పెట్టుకున్న కాలం. ఒంగోలుకి ఒక మనిషిని పంపించమని అడిగారు. ఆ మనిషి, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866 లో. పన్నెండేళ్లు. తర్వాత 1876-78 కరువు, లక్షల మంది చచ్చిపోయారు, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇప్పించాడు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేసాడు. కరువు తీరాక, 1878 జూలై 3 న, గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ 2,222 అంకె అందరూ చెప్తారు, సాక్ష్యాల్లో బాగా పండుతుంది. నాకు మాత్రం రైల్లో పట్టుకున్నది ఆ పన్నెండేళ్లు. కొండ దిగి ఇంటికెళ్లి, మర్నాడు పొద్దున లేచి, ఏమీ మారని ఊళ్లో మళ్లీ అవే పాటలు పాడుకున్న ఆ రోజులు ఎవరూ లెక్కపెట్టలేదు. మనం ఉన్నది అక్కడే. మీ ఇంట్లో కూడా అలాంటి పాత లెక్క ఒకటి ఉంటుంది, అమ్మనో నాయనమ్మనో అడగండి, తేదీతో సహా రాసుకోండి.

బేరం పెట్టొద్దు

అపొస్తలుల కార్యములు 16 అందరికీ తెలుసు, ఫిలిప్పీ జైల్లో పౌలు సీల మధ్యరాత్రి పాడారు, భూకంపం వచ్చింది, సంకెళ్లు ఊడిపోయాయి. దీన్ని చూపించి "స్తుతించు, గొలుసులు తెగుతాయి" అని చెప్తారు. తెగొచ్చు. కానీ తలుపులు తెరుచుకున్నాక కూడా వాళ్లు బయటికి పోలేదు కదా, ఖైదీలు పారిపోయారనుకుని జైలరు చచ్చిపోవడానికి కత్తి దూసుకుంటే "మేమందరము ఇక్కడనే యున్నాము" అన్నాడు పౌలు. పారిపోవడానికి పాడినవాళ్లు అయితే అలా ఉండేవాళ్లా?

కొన్నేళ్ల తర్వాత అదే ఫిలిప్పీ సంఘానికి పౌలు ఉత్తరం రాసాడు, మళ్లీ జైల్లోంచే. ఈసారి ఉత్తరం మొత్తంలో భూకంపం లేదు. సంకెళ్లు అలాగే ఉన్నాయి. రాసింది మాత్రం "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని. ఆ ఉత్తరం చదివించుకున్న వాళ్లలో ఆ జైలరు కూడా కూర్చుని ఉంటాడేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

కాబట్టి నోట్‌బుక్‌లో అర్జీ వేరు, స్తుతి వేరు. "నేను నలభై రోజులు స్తుతిస్తా, నువ్వు జాబ్ ఇవ్వు" అని నేనూ పెట్టాను బేరం, నలభై ఒకటో రోజు జాబ్ రాలేదు, తర్వాత వారం అసలు ప్రార్థనే చెయ్యలేదు. దానియేలు 3 లో ఆ ముగ్గురు, బొమ్మకి మొక్కకపోతే మంటల్లో వేస్తానన్న రాజుతో అన్నది నయం, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ బొమ్మకి మొక్కం. ఆ "పోయినా" అనేదాన్ని మీ అర్జీ కింద రాసి పెట్టుకోండి. చేతులు వణుకుతాయి రాసేటప్పుడు.

ఇద్దరు మనుషులు చాలు

గ్రూపులో రెండొందల మందికి ప్రేయర్ రిక్వెస్ట్ పెడితే రెండొందల చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, మంచిదే. కానీ మీ నోట్‌బుక్ పై భాగం చదివి వినిపించగలిగిన వాళ్లు ఇద్దరుంటే చాలు. వాళ్లని మాట్లాడకుండా వినమని ముందే చెప్పండి. రోమా 12:15 ఏడ్చేవారితో ఏడవమంటుంది, ఏడ్చేవారికి మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యమని లేదు. మీకు నోరు రాని ఆదివారం వెళ్లి చివరి బెంచీలో కూర్చోండి, వాళ్లు పాడతారు, మీరు వినండి, ఆ రోజుకి వాళ్ల స్తుతే మీది. కష్టం మీది కాక అవతలివాళ్లది అయితే సగం పాల ప్యాకెట్ పట్టుకెళ్లండి, వాక్యం తర్వాత.

పాడండి, గొంతు ఎలా ఉన్నా

మాట పోయిన అత్తమ్మ విషయం చెప్పాలి. స్ట్రోక్ తర్వాత మూడు నెలలు ఆమె నోట్లోంచి ఒక్క మాట సరిగ్గా రాలేదు. నీళ్లు కావాలన్నా చెయ్యి చూపించడమే, అడిగీ అడగలేక ఏడవటమే. మే నెలలో ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది, ఉక్క, నేను విసనకర్రతో విసురుతూ ఏదో అలవాటుగా ఊళ్లో చిన్నప్పట్నుంచి పాడే కీర్తన ఎత్తుకున్నా, రెండో లైన్లో ఇంకో గొంతు కలిసింది. మొదట పక్కింటి వాళ్లేమో అనుకున్నా. చూస్తే అత్తమ్మ. నీళ్లు అనే మాట అనలేని మనిషి "స్తుతియింతుము" అంది, అక్షరం పోకుండా, రాగంతో సహా.

స్పీచ్ థెరపిస్ట్‌కి చెప్తే ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. మాట ఎక్కువగా మెదడు ఎడమ వైపు పని, పాటకి కుడి వైపు కూడా సాయపడుతుంది, అందుకే మాట రానివాళ్లకి కూడా తెలిసిన పాట రావచ్చు, పాట దారి పట్టుకునే మాటలు నేర్పించే పద్ధతి కూడా ఉంది అని చెప్పింది. నేను దాన్ని అద్భుతం అనుకున్నా, ఆమె సైన్స్ అంది, మాకిద్దరికీ గొడవేం రాలేదు.

అందుకని నా సలహా, బాగున్న రోజుల్లోనే నాలుగు కీర్తనలు నోటికి నేర్చుకోండి, పిల్లలకి నేర్పండి, పుస్తకం, స్క్రీన్ లేకుండా. పస్కా రాత్రి యేసు కూడా ఒలీవల కొండకి బయల్దేరే ముందు శిష్యులతో కలిసి కీర్తన పాడే వెళ్లాడు, మత్తయి 26:30. గెత్సేమనేకి వెళ్లేముందు. ఆయనా చిన్నప్పుడు నేర్చుకున్నదే అయ్యుంటుంది అది.

మా ఆయనకి ఆగస్టులో జాబ్ వచ్చింది, ముందుకంటే తక్కువ జీతం. మధ్య భాగంలో నేను రాసిన మే నెల ఎప్పుడో దాటిపోయింది. అత్తమ్మ ఇప్పుడు "నీళ్లు", "వద్దు", మా అబ్బాయి పేరు అంటుంది, అంతవరకే. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆమె మంచం చుట్టూ కూర్చుంటాం, మొదటి చరణం గడగడా పాడేస్తుంది, రెండో చరణంలో ఒక మాట దగ్గర ఆగిపోతుంది, రోజూ అదే మాట. మేం అందించం, థెరపిస్ట్ వద్దంది. ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, మా అబ్బాయి ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని ఉంటాడు, ఒక్కోసారి వస్తుంది, రాని రోజు మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకుంటాం.